ఇంట్లో ఒక్కరే మిగిలాక రోజును మళ్లీ నిలబెట్టుకోవడం ఎలా

పోస్టాఫీసు కౌంటరు వెనక ఇరవయ్యారేళ్లు కూర్చున్నాను. పోయినవాళ్ల ఖాతా మూయించడానికి వచ్చేవాళ్లలో కొందరు కాగితాలన్నీ ఇచ్చేసి, రసీదు తీసుకుని కూడా కిటికీ దగ్గర్నుంచి కదలరు. వెనక లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటుంటారు. అప్పుడు మెల్లగా "ఇప్పుడేం చెయ్యమంటారండీ?" అంటారు. వాళ్లు అడుగుతున్నది ఫారం గురించి కాదని తెలుస్తూనే ఉంటుంది. 2019లో నా భార్య, మా పిల్లలిద్దరూ ఒకే ప్రయాణంలో పోయారు. ఎనిమిది నెలలకు మా అమ్మ. ఆ సంగతి ఊళ్లో తెలిశాక ఈ ప్రశ్న నన్ను అడగడం ఇంకా ఎక్కువైంది. చెప్పిందే చెప్పీ చెప్పీ, చివరికి రాసి పెడుతున్నాను.

ఇంటిల్లిపాదీ పోయి ఒక్కరే మిగిలినవాళ్ల కోసం రాసింది ఇది. వేదాంతం జోలికి పోను. దాన్ని మీకు చెప్పడానికి ఇప్పటికే వీధిలో సగంమంది వచ్చి ఉంటారు. నాకు తెలిసిందల్లా ఒకటే. కుటుంబం పోయినప్పుడు "ఎక్కడున్నావ్, ఇంకా రాలేదేం?" అని అడిగే గొంతు పోతుంది. బతుక్కి అర్థం అని అందరూ అనేది నాకు చాలావరకు ఆ ప్రశ్నలోనే ఉండేది. దాన్ని మళ్లీ ఎవరో ఒకరి నోట పలికించుకోవాలి. కింద రాసిన పనులన్నీ దానికోసమే.

ముందొక మాట. చచ్చిపోవాలనిపిస్తోందా? వాళ్ల దగ్గరికి వెళ్లిపోవాలన్న ఆలోచన రోజూ వస్తోందా? అయితే ఇదంతా తర్వాత చదువుకోవచ్చు. 14416కు ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో పురుగుమందు డబ్బాగానీ, అమ్మకు వాడగా మిగిలిన నిద్రమాత్రలుగానీ ఉంటే, ఇవాళే ఎదురింటివాళ్లకు ఇచ్చెయ్యండి. ఎందుకని అడిగితే "నా దగ్గర ఉండకూడదు" అంటే చాలు, వాళ్లకే అర్థమవుతుంది.

కావలసినవి

రూళ్ల నోటుబుక్కు ఒకటి. తిథులున్న తెలుగు గోడ క్యాలెండరు ఒకటి. ఒక చిన్న స్టీలు గ్లాసు. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను. ఆపైన ఒక మనిషి. ఒక్కరు చాలు. బంధువే కానక్కర్లేదు, ఎక్కువ మాట్లాడేవాళ్లయితే అసలొద్దు. రాత్రి పదింటికి ఫోన్ చేసినా "ఏంటి ఈ టైములో" అనకుండా ఎత్తేవాళ్లయితే చాలు. వాళ్ల నంబరు నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అంకెలతో రాయండి. ఫోన్లో ఉందిగా అనుకోవద్దు, ఆ సమయంలో ఫోన్లో వెతకడం చేతకాదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయిన మర్నాటి నుంచి. అంతవరకు ఇల్లు నిండా జనం ఉంటారు, మీరు ఏదీ మొదలుపెట్టలేరు. ఆ మర్నాడు పొద్దున ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ వినపడదు.

1. సంవత్సరీకం దాకా పెద్ద సంతకాలు పెట్టకండి

ఇల్లు అమ్మడం, ఊరు మారడం, పొలం ఎవరి పేరునో రాయడం, ఉద్యోగం మానెయ్యడం... ఇవన్నీ ఏడాది వాయిదా. "సంవత్సరీకం అయ్యాక చూద్దాం" అనండి. ఈ ఒక్క మాటకు మన దగ్గర ఎవరూ ఎదురు చెప్పరు. నా అనుభవంలో ఇంతకంటే గట్టి తాళం లేదు.

మొదటి నెలలోనే వచ్చే మనుషులు కొందరుంటారు. "నువ్వొక్కడివే ఈ ఇంట్లో ఎందుకు, మా దగ్గరికొచ్చెయ్, ఈ ఇల్లు మావాడి పేరున పెట్టు" అంటారు. అందరూ చెడ్డవాళ్లని కాదు. నిజంగా ప్రేమతో అనేవాళ్లూ ఉంటారు, వాళ్లు ఏడాది తర్వాతా అదే మాట అంటారు. ఎప్పటికైనా ఆస్తి రాసివ్వాల్సే వస్తే, గిఫ్ట్ డీడులో "నన్ను చూసుకోవాలి" అన్న షరతు తప్పకుండా రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద, అరవై దాటినవాళ్లు అలాంటి షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. షరతు నోటిమాటగానే ఉండిపోతే నిరూపించడం కష్టం. వీలునామా అయితే ఇంకా మేలు. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

వాయిదా వెయ్యకూడని కాగితాలు మాత్రం కొన్ని ఉన్నాయి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. దాటితే ఫీజులు, అఫిడవిట్లు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఆర్డరు. సర్టిఫికెట్లు ఒక్కొక్కరివి ఐదారు కాపీలు తీసి పెట్టుకోండి. రోడ్డు ప్రమాదమైతే నష్టపరిహారం దరఖాస్తుకు చట్టంలో ఆరు నెలల గడువు రాసి ఉంది, ఆలోపే వకీలును కలవండి. ఇక బ్యాంకు పాస్‌బుక్కులు తీసి మే నెలాఖరు, జూన్ మొదటి రోజుల లైన్లు చూడండి. 20 రూపాయలు, 436 రూపాయలు అని రెండు చిన్న కోతలు కనిపించాయా? ఇరవై రూపాయలది ప్రమాద బీమా, 436ది జీవిత బీమా. ఒక్కొక్కటీ రెండు లక్షలు. ఎప్పుడో బ్యాంకులో ఎవరో సంతకం పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో చెప్పి ఉండరు. కౌంటర్లో ఇలా దొరికినవాళ్లను నేనే ఎంతమందిని చూశానో.

ఒంటరిగా ఆఫీసులకు వెళ్లొద్దు. "సంబంధం" అన్న గడిలో రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి ఆగిపోతుంది. పక్కన రాసిపెట్టే మనిషి ఉండాలి.

2. బియ్యం గ్లాసు మార్చండి

ఇది చదివి నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి.

మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఒక పాత ఇత్తడి గ్లాసు ఉండేది. నలుగురికీ రెండు గ్లాసులు, అమ్మ ఉంటే రెండున్నర. అంతా అయిపోయాక కూడా నలభై రోజులు నేను రెండు గ్లాసులే పోశాను. చెయ్యి దానంతటదే రెండుసార్లు డబ్బాలోకి వెళ్లేది. కుక్కర్ మూత తీశాక, అంత అన్నం చూసి, స్టవ్వు పక్కన నేలమీద కూలబడేవాణ్ని. ఆ అన్నం తినేవాణ్నీ కాదు. సాయంత్రం వీధికుక్కలకు వేసేవాణ్ని. బరువు తొమ్మిది కిలోలు తగ్గాను.

ఒకరోజు స్టీలు సామాను కొట్టుకెళ్లి, ఒక మనిషికి సరిపడా బియ్యం పట్టే గ్లాసు కొన్నాను. ఇత్తడి గ్లాసు కడిగి దేవుడి గూట్లో పెట్టాను. ఆ రాత్రి ఏడుస్తూనే తిన్నాను. వాళ్లు పోయాక నేను చేసిన మొదటి సరైన పని అదేనని ఇప్పుడనిపిస్తుంది.

మీ ఇంట్లో అది గ్లాసు కాకపోవచ్చు. పాల ప్యాకెట్ల లెక్క కావచ్చు, గుమ్మంలో చెప్పుల స్టాండు కావచ్చు, రాత్రి తలుపు గడియ ఎవరో ఇంకా రావాలన్నట్టు వెయ్యకుండా వదిలెయ్యడం కావచ్చు. ఇల్లు ఇంకా పాత లెక్కలోనే నడుస్తున్న చోటు ఒకటి పట్టుకుని, ఆ ఒక్కదాన్నే మార్చండి. అన్నీ ఒకేసారి మార్చకండి.

వండుకోలేకపోతే కర్రీ పాయింటు నుంచి తెచ్చుకోండి, తప్పేం లేదు. అన్నం మాత్రం ఇంట్లో పడాలి. రోజుకోసారి పొయ్యి వెలగని ఇల్లు తొందరగా పాడుబడుతుంది. హోటల్లో తింటే వచ్చే ఇబ్బంది ఇంకొకటుంది. బిల్లు కట్టి బయటికొచ్చాక ఎటు వెళ్లాలో తెలియదు, కాళ్లు బ్రాందీ షాపు వైపు లాగుతాయి. మగవాళ్లకు ఇది మరీ చెబుతున్నాను. నిద్ర కోసమని మొదలవుతుంది. నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొనుక్కోకండి.

3. గొంతులు దాచండి, బట్టల దగ్గర ఆగండి

వరస ముఖ్యం. ముందు ఫోన్లు. పోయినవాళ్ల సిమ్ము 90 రోజులు వాడకపోతే కంపెనీ రద్దు చేసి వేరేవాళ్లకు ఇచ్చెయ్యొచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలిక లేకపోతే మామూలుగా పోతుంది. కాబట్టి మొదటి నెలలోనే, ఫోన్లు తెలిసిన కుర్రాణ్ని ఒకణ్ని కూర్చోబెట్టుకుని ఫోటోలు, వాయిస్ మెసేజీలు, వీడియోలు రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంకొకరి దగ్గర. వినొద్దు, చూడొద్దు, దాచండి అంతే. వినాలనిపించే రోజు తర్వాత వస్తుంది. మా అమ్మాయి వాయిస్ మెసేజి ఒకటి, "నాన్నా, వచ్చేటప్పుడు గ్రాఫు పేపర్లు" అని నాలుగు సెకన్లు. అది రెండేళ్లు వినలేదు. ఇప్పుడు వింటాను.

బట్టల దగ్గర జనం తొందర పెడతారు. "ఇంట్లో ఉంచుకోకూడదు, ఇచ్చెయ్" అంటారు. మీ ఇంటి ఆచారం గట్టిగా ఉంటే కొన్ని ఇవ్వండి. మిగతావి ఒక బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఆ ఒక్క మనిషి దగ్గర పెట్టండి. తెరవాలనిపిస్తే వాళ్లింటికి వెళ్లి అడగాలి. ఆ నడకలోనే సగంసార్లు మనసు మారుతుంది. ఏడాది దాటాక మా ఆవిడ నేత చీరలు ఆరు తీసి బొంత కుట్టించాను. కుట్టినామె కొంగులన్నీ ఒకవైపుకు వచ్చేలా వేసింది. నేను అడగలేదు, ఆమెకే తోచింది. చలికాలం అదే కప్పుకుంటాను.

చేయకూడనిది: పిల్లల గదిని ఉన్నదున్నట్టు, పెన్సిలు కూడా కదపకుండా ఏళ్ల తరబడి ఉంచడం. రెండోది, దానికి సరిగ్గా తిరగేసింది. ఒక్క ఆదివారంలో ఇల్లంతా ఖాళీ చేసి సున్నం కొట్టించడం. రెండూ చూశాను. రెండో పని చేసినవాళ్లు ఎక్కువ బాధపడ్డారు, ఎందుకంటే అది వెనక్కి తీసుకోలేరు.

4. మీ గేదెను వెతుక్కోండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

మాది దివిసీమ వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మా వైపు ఊళ్లలో ఇంటికొక్కరు మిగిలిన కుటుంబాలు, ఆ ఒక్కరూ మిగలని కుటుంబాలు ఉన్నాయి. పోయినవాళ్ల పేరున స్మారక స్తూపం ఉంది, చూసే ఉంటారు. మా వీధిలో ఒక మామ్మ ఉండేది. భర్త, ముగ్గురు పిల్లలు, అత్తగారు ఆ రాత్రి నీళ్లలో పోయారు. ఆమె ఒక తాటిచెట్టు పట్టుకుని మిగిలింది. నేను ఎరిగేసరికి ఆమె అందరితో నవ్వుతూ మాట్లాడే మనిషి, వడియాలు పెట్టడంలో వీధికి పెద్ద. నా సంగతి జరిగాక ఆమె దగ్గరికెళ్లి అడిగాను, మామ్మా, ఎట్టా లేచావు నువ్వు అని. ఏదో పెద్దమాట చెబుతుందనుకున్నాను.

"ఏం లేవడం నాయనా. ఎవరో గేదెను తోలుకొచ్చి నా గుడిసె ముందు కట్టేసి పోయారు, సూసుకోమని. తెల్లారుజామున నాలుగింటికి అరిచేది. పాలు తియ్యకపోతే పొదుగు సలిపిద్ది, దానికేం తెలుసు నా ఏడుపు? లేచి తీసేదాన్ని. తీశాక పొయ్యాలిగా ఎవరికో ఒకరికి. పోసేదాన్ని."

అంతే చెప్పింది. నేను ఇంకా ఏదన్నా చెబుతుందేమోనని కూర్చున్నాను. ఆమె చింతపండు పిక్క తీసుకుంటూ ఉండిపోయింది.

మీకు కావలసింది అలాంటి గేదె. దానికి మూడు గుణాలుండాలి. ఒకటి, దానికొక వేళ ఉండాలి. "వీలున్నప్పుడు సేవ చేస్తాను" అంటే పనికిరాదు, ఎందుకంటే ఆ రోజుల్లో వీలు అనేదే ఉండదు. రెండు, మీరు రాకపోతే అవతలివాళ్లకు ఇబ్బంది కలగాలి, చిన్నదైనా సరే. మూడు, మీ దుఃఖంతో దానికి పని ఉండకూడదు. జాలిపడి మీకు పని కల్పించినట్టు ఉంటే వారంలో తెలిసిపోతుంది.

ఎలా వెతకాలంటే, నోటుబుక్కులో ఒక పేజీ తీసి, పోయినవాళ్ల కోసం మీ చేతులు రోజూ చేసిన పనులు వరసగా రాయండి. ప్రేమించాను, చూసుకున్నాను అని రాయకండి. చేతిపని రాయండి. జడలు వేశాను. ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. అమ్మకు ఇన్సులిన్ పొడిచాను. బండి మీద ట్యూషన్లో దింపాను. టిఫిను డబ్బా కట్టాను. ఇప్పుడు ప్రతి లైను పక్కన, ఈ పని ఈ ఊళ్లో ఇంకా ఎవరికి కావాలో రాయండి. ఒకావిడ, ఇద్దరు ఆడపిల్లల తల్లి, "జడలు" దగ్గర ఆగింది. ఇప్పుడు ఆదివారం పొద్దున ఏడింటికి ఊళ్లో ఆడపిల్లల హాస్టల్‌కు వెళుతుంది. పేలు దువ్వి, నూనె రాసి, రెండు జడలు మడిచి రిబ్బను కడుతుంది. మొదట ముగ్గురు పిల్లలు కూర్చున్నారట. ఇప్పుడు టోకెన్లు ఇవ్వాల్సి వస్తోందని నవ్వుతుంది. వార్డెను అనుమతి ముందే తీసుకుంది, మీరూ తీసుకోండి. పిల్లలున్న చోటికి ఎవరైనా పెద్దల ఎదుటే వెళ్లాలి, ఒంటరిగా కాదు. ఆ నియమం మీ మంచికీ, వాళ్ల మంచికీ.

నాది ఇది. మా వీధి చివర కళ్లు కనపడని మాస్టారొకరుండేవారు. పొద్దున ఆరున్నరకు ఆయనకు పేపరు చదివి వినిపించాలి. మొదటివారంలోనే రెండు రోజులు ఎగ్గొట్టాను, మంచం దిగలేక. మూడోరోజు కర్ర తాటిస్తూ మా గుమ్మం దాకా వచ్చారు. "ఏమోయ్, రెండు సంపాదకీయాలు బాకీ ఉన్నావ్" అన్నారు. పరామర్శ లేదు, ఎలా ఉన్నావనీ లేదు. నేను చొక్కా వేసుకుని బయటికొచ్చాను.

ఇంటి బయటికి కదలలేనివాళ్లకు కూడా దారులున్నాయి. రోజూ ఒకే వేళకు, ఒంటరిగా ఉన్న ఇంకో పెద్దావిడకు ఫోన్ చేసి "మాత్ర వేసుకున్నావా వదినా" అని అడగడం. వీధి పిల్లలకు అరుగు మీద ఎక్కాలు. కుక్కనో ఆవునో పెంచుకోవడం (మామ్మ మాట నిజమే). మొక్కలు కూడా చెబుతారు గానీ నాకు నమ్మకం లేదు. మొక్క అరవదు. రెండు రోజులు నీళ్లు పోయకపోతే ఊరుకుంటుంది, మీకూ అలాగే వదిలెయ్యడం అలవాటవుతుంది.

5. "పిల్లలెంతమంది?" అన్న ప్రశ్నకు జవాబు ముందే కట్టుకోండి

రైల్లో, పెళ్లిలో, కొత్త డాక్టరు దగ్గర, ఇంటి అద్దెకు వచ్చినవాళ్ల దగ్గర ఈ ప్రశ్న వస్తుంది. తయారుగా లేకపోతే ఆ రోజంతా పోతుంది. రెండు జవాబులు రాసుకుని గట్టిగా పలికి చూసుకోండి. దారినపోయేవాళ్లకు ఒకటి: "ఇద్దరండీ." అంతే. అది అబద్ధం కాదు. ఏం చేస్తున్నారని అడిగితే "మా దగ్గర లేరండీ" అని మాట మార్చండి. మళ్లీ మళ్లీ కలవబోయేవాళ్లకు ఇంకొకటి: "ఇద్దరు, 2019లో యాక్సిడెంట్లో పోయారు. దాని గురించి ఇంకోసారి చెబుతాను." చివరి వాక్యం చాలా అవసరం. అది లేకపోతే అవతలివాళ్లు వివరాలు తవ్వుతారు, లేదా వాళ్లే ఏడవడం మొదలెడతారు, మీరు వాళ్లను ఓదార్చాల్సి వస్తుంది.

"లేరు" అని మాత్రం అనకండి. ఒకసారి అన్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

6. క్యాలెండరు మీద ముందే గుర్తు పెట్టుకోండి

కొత్త క్యాలెండరు గోడకెక్కిన రోజే కూర్చుని తేదీలు రౌండు చుట్టండి. తద్దినం తిథి, ఇంగ్లీషు తారీఖు, పుట్టినరోజులు, పెళ్లిరోజు, పదో తరగతి రిజల్టు వచ్చే రోజులు. తిథీ తారీఖూ వేరువేరుగా వస్తాయి కాబట్టి ఆ దెబ్బ రెండుసార్లు తగులుతుంది, తెలిసి ఉండండి. ప్రతి రౌండు పక్కనా మూడు మాటలు రాయండి: ఎక్కడ ఉంటాను, ఎవరితో ఉంటాను, ఏం తింటాను. "అప్పటికి చూద్దాం" అని వదిలేసిన రోజే మనిషి కూలిపోతాడు.

ఆచారాలున్నది ఇందుకే అని నాకు ఇప్పుడు అర్థమైంది. వాటికి ఒక తేదీ, ఒక వంట, పిలవాల్సిన మనుషులు ఉంటారు. మహాలయ అమావాస్యకు బియ్యం, కూరగాయలు ఇవ్వడం, తెలంగాణ వైపు పెత్రమాస, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక, నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు, ముస్లింల ఇళ్లలో షబేబరాత్ రాత్రి కబరస్తాన్‌కు వెళ్లడం... మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా మీ ఇంటిది ఏదో ఒకటి పట్టుకోండి. నమ్మకం లేనివాళ్లు ఆ రోజు ఒక పిల్లకు పరీక్ష ఫీజు కట్టండి, నేరుగా బడిలోనే.

ఏటిసూతకమని మొదటి ఏడాది పండగలు ఉండవు కాబట్టి ఎలాగో గడిచిపోతుంది. అసలు కష్టం రెండో ఏడాది సంక్రాంతి. అందరూ "ఇక చేసుకోవచ్చు" అంటారు. ఎవరింటికి వెళతారో నెల ముందే మాట్లాడుకోండి. వెళ్లిన ఇంట్లో ఒక పని అడిగి తీసుకోండి, అరిసెలు ఒత్తడమైనా, కొబ్బరికాయలు పీచు తియ్యడమైనా. చుట్టంలా కూర్చోబెడితే గంటలో లేచి వచ్చేస్తారు.

7. తప్పు నాదే అన్న లెక్కను కాగితం మీద పెట్టండి

"ఆ రోజు నేను డ్రైవింగ్ చేసుంటే", "ముందే ఆస్పత్రికి తీసుకెళ్లుంటే". ఇది రాత్రి రెండింటికి వస్తుంది. తలలో ఉంటే తిరుగుతూనే ఉంటుంది. నోటుబుక్కులో ఎడమ పేజీలో "ఇప్పుడు నాకు తెలిసినవి", కుడి పేజీలో "ఆ రోజు నాకు తెలిసినవి" అని రాయండి. నిజాయితీగా రాయండి. నా కుడి పేజీలో మూడే లైన్లు వచ్చాయి. అది చూశాక నొప్పి పోలేదు గానీ, నా మీద నేనే నడిపిన కోర్టు కేసు చాలావరకు ఆగింది.

నిజంగానే మీ పొరపాటు కొంత ఉందా? అప్పుడు ఈ చిట్కా చాలదు. కౌన్సెలరు దగ్గరో, మీరు నమ్మే గురువు, పాస్టరు, మౌల్వీ దగ్గరో నోరు విప్పి ఒకసారి పూర్తిగా చెప్పాలి. లోపల పెట్టుకుని సేవలు చేస్తూ పోతే, అవి సేవల్లా ఉండవు, జరిమానా కట్టినట్టు ఉంటాయి.

చాలామంది చేసే పొరపాట్లు

రెండో నెలలోనే పోయినవాళ్ల పేరున ట్రస్టు పెట్టడం. రిజిస్ట్రేషను, ఆడిటు, సభ్యుల గొడవలు, చందాల అనుమానాలు... ఏడాదికల్లా ఆ పేరు చెబితేనే విసుగొచ్చే పరిస్థితి వస్తుంది. ఆ పేరుకు అంత అన్యాయం వద్దు. రెండేళ్లు ఆగి చేసినవాళ్లవి నిలబడ్డాయి.

తమ్ముడి పిల్లలనో, పక్కింటి పిల్లనో పోయినవాళ్ల స్థానంలో పెట్టుకోవడం. వాళ్ల బట్టలు వీళ్లకు వెయ్యడం, ఆ ముద్దుపేరుతో పిలవడం. పిల్లలు భయపడతారు, తల్లిదండ్రులు మొహమాటంతో మెల్లగా రావడం మానేస్తారు. మీరు మళ్లీ ఒకసారి పోగొట్టుకుంటారు.

తొందరపడి దత్తత. ఆలోచన మంచిదే, వేళ ముఖ్యం. అనాథ బిడ్డల్ని, వదిలేసిన బిడ్డల్ని దత్తత తీసుకోవడం కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారానే జరగాలి. నర్సింగ్ హోముల్లో, మధ్యవర్తుల ద్వారా "ఇప్పిస్తాం" అనేవాళ్లను నమ్మితే కేసవుతుంది. ఒంటరివాళ్లకు వయసు పరిమితులున్నాయి: రెండేళ్లలోపు బిడ్డకు 40 దాటకూడదు, ఎనిమిదేళ్లు దాటిన బిడ్డకైతే 55 దాకా. ఒంటరి మగవాళ్లకు ఆడపిల్లను ఇవ్వరు. ఇంటికి వచ్చి విచారించేవాళ్లు మీ దుఃఖం గురించి తప్పకుండా అడుగుతారు. ఏడాది లోపు ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

యాత్రలకని బయల్దేరి తిరిగి రాకుండా తిరుగుతూ ఉండటం. కాశీ వెళ్లండి, తొమ్మిది రాత్రులు నిద్ర చెయ్యండి, మన తెలుగువాళ్ల సత్రాలు అక్కడున్నాయి. తిరుగు టిక్కెట్టు మాత్రం ఇక్కడే తీసుకుని వెళ్లండి.

దోషం ఉందని, ఇంటి వాస్తువల్లే ఇలా జరిగిందని, ఆత్మతో మాట్లాడిస్తామని వచ్చేవాళ్లు. వీళ్లకు మీ ఇంటి సంగతి ఎలా తెలిసిందో ఆలోచించండి. గుమ్మం దాటనివ్వకండి.

మళ్లీ పెళ్లి గురించి అడుగుతారు. చేసుకోవచ్చు. వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ తల్లి, తండ్రి, తోడబుట్టినవాడు, భార్య నాజీ శిబిరాల కాలంలో పోయారు. 1945లో ఒక్కడే వియన్నాకు తిరిగొచ్చి, మర్నాటి ఏడాదే ఆస్పత్రిలో నరాల విభాగానికి పెద్దగా చేరి పాతికేళ్లు పనిచేశాడు. 1947లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆయన గురించి చదివినప్పుడు నేను గమనించింది వరస: ముందు పని, తర్వాత పెళ్లి. ఇంటి ఖాళీ నింపడానికి మనిషిని తెస్తే ఆ వచ్చినావిడకు, వచ్చినాయనకు అన్యాయం చేసినట్టే.

సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడం

ఏడుపుతో కొలవకండి. ఆరేళ్ల తర్వాత కూడా బస్టాండులో కందిపచ్చడి వాసనకు ఏడుపొస్తుంది, అందులో ఏం తప్పు లేదు. మూడు నెలలకోసారి నోటుబుక్కు తీసి ఈ నాలుగు చూసుకోండి.

గడిచిన వారంలో "నిన్న రాలేదేం?" అని ఎవరైనా అడిగారా? ఒక్కరైనా అడిగితే నాలుగో మెట్టు పనిచేస్తున్నట్టే. అడగలేదంటే పని మార్చండి. పనిలో తప్పు లేదు, దానికి మీరు రాకపోయినా నడిచిపోతోంది, అంతే.

రాత్రి పడుకునేటప్పుడు రేపటి పని ఒకటైనా గుర్తొస్తోందా?

చిన్న గ్లాసుతో వండింది మిగలకుండా తింటున్నారా? నెలకోసారి బరువు చూసుకోండి.

పోయినవాళ్ల గురించి వాళ్లు పోయిన రోజు కాకుండా వేరే కబురు ఒకటి ఎవరికైనా చెప్పారా? మా అబ్బాయి సైకిలు బెల్లు ఊడదీసి మంచానికి బిగించిన సంగతి నేను మొదటిసారి చెప్పింది రెండో ఏట. అప్పటిదాకా నా నోట్లో వాడు ఎప్పుడూ పోతూనే ఉన్నాడు.

ఆరు నెలలు దాటి ఏడాది దగ్గరపడుతున్నా నాలుగింటికీ "లేదు" అనే జవాబు వస్తుంటే, రోజులో ఎక్కువభాగం అదే తలపు, తిండీ నిద్రా పనీ ఏదీ నిలబడకపోతే, అది మీ చేతకానితనం కాదు. వైద్యులు ఇప్పుడు దాన్ని విడిగా ఒక జబ్బుగా గుర్తిస్తున్నారు, చికిత్స ఉంది. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ చీటీ తీసుకోండి. ఆ మొదటి పేజీ మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఇన్ని మెట్లు చదివి ఎక్కడ మొదలెట్టాలో తోచకపోతే, వరస పక్కన పెట్టి రెండోదానితో మొదలెట్టండి. స్టీలు గ్లాసు ఏ సామాను కొట్లో అయినా దొరుకుతుంది. కొనేముందు ఇంట్లో పాతదానితో ఒక్కరికి సరిపడే బియ్యం కొలిచి, ఒక కవర్లో పోసుకుని కొట్టుకు తీసుకెళ్లండి. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. గ్లాసులో పోసి చూపించి, అంచుకు సరిగ్గా వచ్చింది తీసుకోండి.